వెర్మూత్‌లో నోరు లేదు, వర్మ్‌వుడ్‌లో పురుగు లేదు

ప్రశ్న: ఇంగ్లిష్ నవలలో ఒక పాత్ర భోజనానికి ముందు ‘వెర్మూత్’ తాగుతుంది. స్పెల్లింగ్ చూస్తే చివర నోరు అనే అర్థమిచ్చే ‘మౌత్’ ఉంది. ఆ మాటకీ నోటికీ సంబంధం ఉందా? అసలిది ఏ భాష మాట?
– ఒక పాఠకురాలు

జవాబు: నోటితో ఏ సంబంధమూ లేదండీ. ఇది ఒక మొక్క పేరు. జర్మన్‌లో ఆ మొక్కని ‘వేర్మూట్’ అంటారు. ఫ్రెంచివాళ్లు దాన్ని తీసుకుని తమ పద్ధతిలో రాసుకున్నారు, ఇంగ్లిష్‌కి వాళ్ల దగ్గర్నుంచి వచ్చింది. వెండిరంగు నూగుతో ఉండే ఆకులు, పసుపుపచ్చని చిన్న పూలు. శాస్త్రీయ నామం ఆర్టెమీసియా అబ్సింథియం. మన మాచిపత్రిదీ ఆర్టెమీసియా ప్రజాతే. తెలుగు బైబిల్లో, ప్రకటన గ్రంథంలో, నీళ్లను చేదు చేసిన నక్షత్రానికి పెట్టిన పేరు కూడా మాచిపత్రే.

ఆ చేదు ఎలాంటిదో తెలుసుకోవాలని ఒకసారి ఎండిన ఆకు గోరంత ముక్క నాలుక మీద పెట్టుకున్నాను. ముందు ఘాటైన వాసన ముక్కుకి తగిలింది. ఆ వెనకే చేదు. రెండు గ్లాసుల నీళ్లు తాగినా గొంతులోంచి పోలేదు. దాన్ని తీపి వైన్‌లో ఎందుకు కలిపారో నాకు అప్పుడే అర్థమైంది.

వైన్‌లో ఈ ఆకు వేసుకోవడం చాలా పాత అలవాటు, మందుగానే మొదలైంది. జర్మన్లు దాన్ని ‘వేర్మూట్ వైన్’ అనేవారు. తర్వాత ‘వైన్’ రాలిపోయి మొక్క పేరే పానీయం పేరైంది. ఈనాటి వెర్మూత్ ఇటలీలోని ట్యూరిన్ నగరంలో 1786లో ఆంటోనియో బెనెడెట్టో కార్పానో చేతిలో మొదలైందని చెబుతారు. వైన్‌కి కాస్త ఆల్కహాల్ చేర్చి, మూలికలూ సుగంధద్రవ్యాలూ కలిపి చేస్తారు. పేరు ఉత్తుత్తిది కాదు. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం ఆర్టెమీసియా రుచి లేనిదాన్ని వెర్మూత్ అని అమ్మకూడదు.

నాకు బాగా ఇష్టమైన సంగతి ఇంకొకటుంది. అదే మొక్కని ఇంగ్లిష్‌లో ‘వర్మ్‌వుడ్’ అంటారు. పురుగు, కట్టె అని రెండు ముక్కలు కనిపిస్తాయి కదా? నిజానికి ఆ రెండూ లేవు. పాత ఇంగ్లిష్‌లో అది ‘వెర్మోడ్’, అంటే జర్మన్ మాటకి తోబుట్టువు. కాలక్రమంలో జనానికి ఆ మాట అర్థం కాక, తెలిసిన రెండు మాటల్లోకి దాన్ని సర్దేశారు. కడుపులో పురుగులు పోవడానికి ఆ ఆకే వాడేవారు కాబట్టి కొత్త రూపం ఎవరికీ తప్పనిపించలేదు. మీరు ‘మౌత్’ చూసినట్టే వాళ్లూ చూశారు, అంతే. మాటలు ఇలా మారిపోవడం అన్ని భాషల్లోనూ ఉంది.

ఇక పలకడం సంగతి. ఇంగ్లిష్‌వాళ్లు ‘వెర్మూత్’ అంటారు. ఫ్రెంచివాళ్లు చివర ‘ట్’ పలుకుతారు, వాళ్లకది ‘వెర్మూట్’. తెలుగులో మీరు ‘వెర్మూత్’ అనే రాయండి.