పాత పయనీర్ రిసీవర్‌లో ఒక వైపే పాట వస్తోంది, కండెన్సర్లన్నీ మార్చాలా?

అక్కర్లేదండీ, కనీసం ఇప్పుడే వద్దు. మీ పెదనాన్నగారు గల్ఫ్ నుంచి తెచ్చిన సెట్టులో కుడి స్పీకరు ఉండుండి ఆగిపోతోందనీ, వాల్యూమ్ తిప్పితే గరగరమంటోందనీ రాశారు. ఈ రెండూ కలిసి వస్తే నేను ముందు అనుమానించేది స్విచ్చులనీ కంట్రోళ్లనీ. నా దగ్గరున్నది పయనీర్ ఎస్‌ఎక్స్-650, డెబ్బైల నాటిది, చానల్‌కు 35 వాట్లు. దానికీ ఇదే జబ్బు. ఒక్క కండెన్సర్ కూడా మార్చకుండానే కుదిరింది.

మూత విప్పకముందే ఒక పని చేయండి. సెట్టు ఆఫ్ చేసి, వెనక స్పీకరు వైర్లు ఎడమవి కుడికి, కుడివి ఎడమకి మార్చండి. అప్పుడూ అదే స్పీకరు మూగగా ఉంటే తప్పు స్పీకరుది లేదా వైరుది. తర్వాత ముందువైపు టేప్ మానిటర్ స్విచ్చును (టేప్ డెక్ నుంచి వచ్చే పాటకు మార్చేది) పదిసార్లు ముందుకీ వెనక్కీ ఆడించండి. నా సెట్టులో దొంగ అదే. పాట మొత్తం ఆ స్విచ్చు గుండానే వెళ్తుంది, దాన్నేమో ఎవరూ ఏళ్ల తరబడి ముట్టుకోరు, లోపల నల్లబడిపోతుంది.

మూత విప్పేముందే ప్లగ్గు తీసేయండి, విప్పాక తీసేసి ఉందో లేదో ఇంకోసారి చూసుకోండి. పెద్ద ఫిల్టర్ కండెన్సర్లలో చార్జ్ మిగిలి ఉంటుంది. కొందరు స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తారు, ఆ పని చేయకండి. 100 ఓమ్‌ల 5 వాట్ల రెసిస్టర్‌ను కండెన్సర్ రెండు కాళ్ల మధ్య కాసేపు అడ్డం పెట్టి, మీటర్‌తో సున్నాకి వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టాలి.

వాల్యూమ్ కంట్రోల్ వెనక కాళ్ల దగ్గర సన్నటి సందు ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే గొట్టం అందులో పెట్టి ఒక్క చుక్క చాలు, ఆ తర్వాత చివరి నుంచి చివరికి బాగా తిప్పాలి. ఎలక్ట్రానిక్స్‌కు వాడే కాంటాక్ట్ క్లీనరే తెచ్చుకోండి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వద్దు. స్పీకరు రిలే (స్పీకర్లను కలిపే, విడదీసే కరెంటు స్విచ్చు) ఉంటే దాని మూత తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన విజిటింగ్ కార్డు ముక్కను కాంటాక్టుల మధ్య పెట్టి, వేలితో మెల్లగా నొక్కి లాగండి. కార్డు మీద నల్లటి గీత పడుతుంది. గీత పడడం మానేదాకా కొత్త ముక్కతో లాగుతూ ఉండడమే. ఉప్పుకాగితం పెడితే మాత్రం పైపూత పోయి రిలే త్వరగా పాడవుతుంది.

మళ్లీ కరెంటు ఇచ్చేముందు వెనక వోల్టేజి సెలెక్టర్ చూడండి. మీ సెట్టుకు అది ఉంటే 240 మీద ఉండాలి. మొదటిసారి నేరుగా ప్లగ్గులో పెట్టకుండా సిరీస్ బల్బు ద్వారా, అంటే కరెంటు ఒక బల్బు గుండా వచ్చి సెట్టుకు చేరేలా ఇవ్వండి. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి డిమ్ అయితే మంచిదే. వెలుగుతూనే ఉందంటే లోపల షార్ట్ ఉన్నట్టు, వెంటనే తీసేయండి. అంతా బాగుంటే స్పీకర్లు తీసేసి, వాల్యూమ్ సున్నాలో పెట్టి, స్పీకరు టెర్మినల్స్ దగ్గర డీసీ వోల్టేజి కొలవండి. 50 మిల్లీవోల్ట్‌ల లోపు ఉంటే టెన్షన్ లేదు. వోల్టుల్లో చూపిస్తే స్పీకరు తగిలించొద్దు, కాయిల్ కాలిపోతుంది.

కండెన్సర్లు ఎప్పుడు మార్చాలంటే, రెండు వైపులా వాల్యూమ్‌తో సంబంధం లేని హమ్మింగ్ వస్తున్నప్పుడు, లేదా పైన ఉబ్బినప్పుడు. అడుగున గోధుమరంగులో కనబడేదంతా లీకేజీ అనుకోకండి, చాలావరకు అది ఫ్యాక్టరీలో పెట్టిన జిగురు. కాకపోతే ఆ జిగురు కూడా ముదిరితే పక్క కాళ్లను తినేస్తుంది, గీకేయడమే మేలు. కొనేటప్పుడు మైక్రోఫారడ్ అంతే ఉండాలి, వోల్టేజి అంతే లేదా ఎక్కువ, 105 డిగ్రీల వేడి తట్టుకునేది. హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో మామూలు సైజులు దొరుకుతాయి. కేరళ ప్రభుత్వ సంస్థ కెల్ట్రాన్‌వి నాకు నచ్చుతాయి. పాత జపాన్ నంబర్ల పవర్ ట్రాన్సిస్టర్లు మాత్రం గల్లీలో కొనను, నకిలీలు ఎక్కువ. కండెన్సర్లు ఒకటి తీసి ఒకటి పెట్టండి, ప్లస్ మైనస్ ఫోటో తీసుకున్నాకే. బోర్డు మీది చిన్న ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పే కంట్రోళ్లు) సర్వీస్ మాన్యువల్ లేకుండా తిప్పొద్దు, బయాస్ (ట్రాన్సిస్టర్లకు ముందే పెట్టిన కరెంటు) చెడితే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు పోతాయి.

టేప్ మానిటర్ ఆడించాక ఏమైందో, డీసీ ఎంత వచ్చిందో రెండు వైపులవీ ఇక్కడ రాయండి. మోడల్ నంబరు కూడా పెడితే మిగతాది చూద్దాం.