మీటింగ్‌లతోనే రోజు గడిచిపోతోంది, పనెప్పుడు చేయాలి?

ప్రశ్న: ఉద్యోగంలో చేరి నాలుగేళ్లయింది. మూడు నెలల క్రితం ఆరుగురున్న టీమ్‌కు నన్ను లీడ్‌ని చేశారు. అప్పటి నుంచి రోజుకు నాలుగైదు మీటింగ్‌లు. కొన్ని నేను పెట్టేవే, ఎక్కువ మాత్రం పైవాళ్లు పెట్టేవి. అసలు పని సాయంత్రం ఐదు తర్వాతే మొదలవుతోంది. టీమ్‌లో వాళ్లూ విసుక్కుంటున్నారు. ఉద్యోగం మారిపోదామా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: ‘కొన్ని నేను పెట్టేవే’ అన్నారు చూడండి, ముందు వాటి సంగతి చూద్దాం. గంట మీటింగ్ అని తేలిగ్గా అనేస్తాం. మీతో కలిపి ఏడుగురు కూర్చుంటే అది ఏడు గంటల పని. అంటే దాదాపు ఒక మనిషి రోజంతా చేసే పని.

మీటింగ్ పిలిచే ముందు కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. అది ప్రశ్న అయి ఉండాలి. ‘రిపోర్ట్ ఫార్మాట్ గురించి’ అని పిలిస్తే ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడతారు. ‘కొత్త ఫార్మాట్ ఈ నెల నుంచే వాడదామా, వచ్చే నెల నుంచా?’ అని పిలిస్తే జవాబు తేలగానే లేచిపోవచ్చు. ఎంత ఆలోచించినా ప్రశ్న తట్టలేదంటే మీరు చెప్పదలచుకున్నది సమాచారమే. దానికి మెయిల్ చాలు.

రెండు మూడు అంశాలుంటే బరువైనదాన్ని ముందు పెట్టండి. బ్రిటిష్ రచయిత పార్కిన్సన్ 1957లో ఒక ఊహా కమిటీని వర్ణించాడు. అణు రియాక్టర్ ప్రతిపాదన ఆ కమిటీలో రెండున్నర నిమిషాల్లో గట్టెక్కుతుంది. సైకిళ్ల షెడ్డు దగ్గరకొచ్చేసరికి ముప్పావుగంట వాదన! రియాక్టర్ గురించి తెలిసినవాళ్లు దాదాపు లేరు, షెడ్డు పైకప్పు గురించి మాట్లాడలేనివాళ్లు లేరు. మీ టీమ్‌లోనూ ఇలాంటి షెడ్లు ఉంటాయి. వాటిని ఒకరికి అప్పగించి ‘మీకు నచ్చినట్టు చేసేయండి’ అనండి.

కొత్త ఐడియాల కోసం కూర్చున్నప్పుడు మొదటి ఐదు నిమిషాలు ఎవరికి వాళ్లు మౌనంగా రాసుకోవాలి, ఆ తర్వాతే మాటలు. డీల్, స్ట్రోబ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1987లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు తమ వంతు కోసం ఆగాల్సి రావడమే గుంపులో ఆలోచనలు తగ్గడానికి పెద్ద కారణమని తేలింది. పైగా ముందు మీరే మాట్లాడితే మిగతావాళ్లు దానికే తలూపుతారు. లీడ్‌కి ఈ అలవాటు తొందరగా అంటుకుంటుంది, జాగ్రత్త.

ఇక పైవాళ్ల మీటింగ్‌లు. వాటిని మీరు ఆపలేరు, నిజమే. కానీ ఒక పని చేయొచ్చు. చాలామంది చిన్నతనంగా భావించే పని అది: మినిట్స్, అంటే మీటింగ్‌లో తేలిన విషయాలు రాయడం. నేను ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి గంటన్నర చర్చించి బయటికొచ్చాం. లిఫ్ట్ దగ్గర ఒకాయన మెల్లగా అడిగాడు, ‘ఇంతకీ ఏం తేల్చారు?’ అని. నలుగురం ఉన్నాం, నాలుగు రకాల జవాబులు చెప్పాం. వారం తిరక్కుండానే అదే మీటింగ్ మళ్లీ పెట్టారు. పిల్లి మెడలో గంట కట్టాలని అందరూ ఒప్పుకున్నారు గానీ ఎవరు కట్టాలో ఎవరూ రాసుకోలేదు.

అందుకే ‘నోట్స్ నేను రాస్తాను’ అని మీరే ముందుకు రండి. చివరి ఐదు నిమిషాల్లో, ‘నేను రాసుకున్నది ఒకసారి చదువుతాను, తప్పుంటే చెప్పండి’ అనండి. ఏం నిర్ణయించారు, ఎవరు చేస్తారు, ఎప్పటికల్లా అన్న మూడే చదవండి. ఎక్కడ ఖాళీ ఉందో అందరికీ తెలిసిపోతుంది, మీరు ఎవరినీ తప్పుపట్టినట్టూ ఉండదు. అదే రోజు అందరికీ పంపేయండి. మళ్లీ అదే విషయం మీద పిలిచే మీటింగ్‌లు కొన్ని వాటంతటవే తగ్గుతాయి.

మీ అవసరం పది నిమిషాలే ఉన్న మీటింగ్‌కి ‘రాను’ అనకండి. ముందు రోజే మేనేజర్‌ని, ‘సార్, నా అంశం మొదట తీసుకుంటే అది అయ్యాక నేను వెళ్లి నా పని చూసుకోనా?’ అని అడగండి. ఇలా అడిగితే ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. కాదంటే ఆ రోజుకి కూర్చోండి, తప్పదు.

రోజువారీ స్టాండప్, అంటే టీమంతా రోజూ కాసేపు కలిసి పని సంగతులు చెప్పుకునే చిన్న మీటింగ్ ఉంటే దాన్నీ ఒకసారి చూడండి. సాఫ్ట్‌వేర్ టీమ్‌లు ఎక్కువగా వాడే స్క్రమ్ అనే పని పద్ధతిలో దానికి పెట్టిన గడువు 15 నిమిషాలే. ఒక్కొక్కరూ లీడ్‌కి లెక్క అప్పజెబుతుంటే అది అరగంటకు సాగుతుంది. ఏదైనా చిక్కు బయటపడితే సంబంధమున్న ఇద్దరూ తర్వాత విడిగా కూర్చుంటారు, మిగతావాళ్లను వదిలేయండి.

ప్రతి వారం ఆనవాయితీగా జరిగే మీటింగ్‌లలో ఒకదాన్ని రెండు వారాలు ఆపి చూడండి. ఎవరూ అడగకపోతే క్యాలెండర్‌లోంచి తీసేయండి.

ఉద్యోగం మారే మాటంటారా, మూడు నెలలు ఇవన్నీ ప్రయత్నించాక ఆలోచిద్దాం. లీడ్ అయిన కొత్తలో టెన్షన్ ఎవరికైనా ఉంటుంది. ఒకవేళ మారాల్సి వస్తే, ఇంటర్వ్యూ చివర్లో ‘ఏమైనా అడుగుతారా?’ అన్నప్పుడు ఈ పోస్టులో ఉన్నవాళ్లకు వారంలో ఎన్ని గంటలు మీటింగ్‌లకు పోతాయో అడగండి.