రెండేళ్ళు దాటినా మనవడికి మాటలు రాలేదు, చెబితే ఇంట్లో గొడవ. నాయనమ్మగా నేనేం చేయాలి?

అమ్మా, మీ ప్రశ్న మొత్తం చదివాను. బాబుకి రెండేళ్ళ మూడు నెలలు. ‘అమ్మ’, ‘తాత’ తప్ప మాట లేదు. పిలిస్తే ఒక్కోసారి తిరుగుతాడు, చాలాసార్లు తిరగడు. అబ్బాయి, కోడలు ఆఫీసులకు వెళ్తే మియాపూర్ ఫ్లాట్‌లో పగలంతా వాడు మీ దగ్గరే ఉంటాడు. మీరు నోరు విప్పితే ‘వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే వచ్చాయట కదా’ అని వియ్యపురాలు, ‘లేనిపోని టెన్షన్ పెట్టకండి’ అని కోడలు. మా మనవరాలి విషయంలో మా ఇంట్లోనూ ఇదే తంతు నడిచింది. నేను డాక్టర్ని కాదు, ఆర్టీసీలో చేసి రిటైరైన తాతని. చూసింది చెబుతాను.

మీది చాదస్తం కాదు. ఏడాదిన్నర నాటికి పిల్లలు కావలసినదాన్ని వేలితో చూపించాలి, రెండేళ్ళు నిండేసరికి ‘పాలు తా’, ‘అమ్మ రా’ అని రెండు మాటలు కలపాలి. మగపిల్లలకు కాస్త ఆలస్యమవుతుందన్న మాటలో కొంత నిజం ఉంది కానీ, ఆ ఆలస్యం ఇంత ఉండదు. పైగా చూపించుకుంటే పోయేదేముంది? అంతా బాగుందని తేలితే ఒక పూట సెలవు పోతుంది, అంతే.

అన్నిటికంటే ముందు చెవులు చూపించండి. మా పాప కుక్కర్ కూతకి ఉలిక్కిపడేది, గాలికి తలుపు ధన్‌మంటే తిరిగి చూసేది. దాంతో ‘చెవులు బ్రహ్మాండం’ అని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. మేం చూపించిన ఒక డాక్టరుగారు కూడా మూడేళ్ళు వచ్చేదాకా ఆగమన్నారు. నాకెందుకో మనసొప్పలేదు. వెనక నిలబడి మెల్లగా పిలిస్తే పలకదు, ఎదురుగా నా మొహం చూస్తుంటే మాత్రం చెప్పింది చేస్తుంది. తర్వాత తెలిసిందేమిటంటే, పెద్ద చప్పుళ్ళు వినిపిస్తూనే, మాటలో స, శ, త లాంటి సన్నటి ధ్వనులు అందని పిల్లలు ఉంటారట. ఇంట్లో పళ్ళెం మోగించి చూస్తే ఇది బయటపడదు.

దీనికి చేసే పరీక్షని ‘బెరా’ అంటారు. నుదుటికి, చెవుల వెనక వైర్లు అంటించి, చెవిలో చప్పుడు వినిపిస్తూ మెదడు దాకా అందుతోందో లేదో చూస్తారు. నొప్పి ఉండదు. కానీ బిడ్డ కదలకుండా నిద్రపోవాలి. ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి తీసుకురమ్మంటారు. దారిలో కునుకు తీస్తే అక్కడికెళ్ళాక పడుకోరు. ఆటోలో పాప కళ్ళు మూతలు పడుతుంటే మొహం మీద నీళ్ళు చిలకరించడం, బస్సుల్ని చూపించడం నా డ్యూటీ. అక్కడికి చేరాక పాలు పట్టగానే మా అమ్మాయి భుజం మీదే పడి నిద్రపోయింది.

రెండు చెవుల్లోనూ వినికిడి తక్కువని తేలింది. వినికిడి మిషన్లు పెట్టారు. మొదట్లో పీకి పారేసేది. ఒకటి బియ్యం డబ్బాలో దొరికింది. చొక్కా కాలరుకి క్లిప్పుతో తగిలించే తాడు ఒకటి ఉంటుంది, అది కొన్నాక మా ప్రాణం కుదుటపడింది. బిడ్డ పెరిగేకొద్దీ చెవి అచ్చు (మిషన్‌కి తగిలించి చెవిలో పెట్టే ముక్క) వదులై మిషన్ కూత పెడుతుంది, అప్పుడు కొత్త అచ్చు పోయించాలి. స్పీచ్ థెరపీ ఇంకా నడుస్తోంది. ఇప్పుడు పాప మాట్లాడుతుంది, నాతో పోట్లాడుతుంది కూడా. కొన్ని అక్షరాలు ఇంకా తిరగవు.

మీ వాడిదీ ఇదే అని అనను. చెవులు బాగుండి, కళ్ళలోకి చూడకపోయినా, వేలితో చూపించకపోయినా, బొమ్మకారుని నడపకుండా దాని చక్రమే తిప్పుతూ కూర్చున్నా ఆటిజం పరీక్ష కూడా చేయించాలి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి.

ఇక ఇంట్లో ఎలా చెప్పాలన్నది. నాకైతే అసలు కష్టం ఇక్కడే అనిపిస్తుంది. ముందు మీ అబ్బాయితో, ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. వియ్యపురాలి ముందు వద్దు, పండగకి నలుగురూ చేరినప్పుడు అసలే వద్దు. ‘వీడికేదో లోపం ఉంది’ అనకండి. వారం పాటు చూసినవి ఒక నోట్‌బుక్‌లో రాయండి: ఎప్పుడు పిలిస్తే తిరిగాడు, ఏం కావాలంటే ఎలా అడిగాడు. వెనక నుంచి పిలిచినప్పుడు ఫోన్లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరుకి కూడా అవే పనికొస్తాయి. ‘ఒక్క చెవుల పరీక్ష చేయిద్దాంరా, నేనూ వస్తాను’ అనండి. చెవుల పరీక్ష అంటే ఎవరికీ భయం ఉండదు. కోడలితో ‘నువ్వు సెల్ ఇచ్చావు కాబట్టే’ అన్న మాట పొరపాటున కూడా రానివ్వకండి. ఆ అమ్మాయి విసుగు వెనక ఉన్నది భయమే అని నా అనుమానం. మా అమ్మాయిదీ అంతే.

మీరు మియాపూర్‌లో ఉన్నారు కాబట్టి బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్ మీకు అందుబాటులోనే ఉంది. అక్కడ రెండు కేంద్ర ప్రభుత్వ సంస్థలున్నాయి. ఎదుగుదల ఆలస్యమైన పిల్లల కోసం ఎన్ఐఈపీఐడీ, వినికిడికీ మాటకీ అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం. మొదటిదాన్ని 1984లో పెట్టారు, పాతవాళ్ళు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు, ఆటోవాడికి ఆ పేరు చెప్పినా తీసుకెళ్తాడు. ఊళ్ళలో ఉండి ఇది చదివేవాళ్ళకి: అంగన్‌వాడీకి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్ల బృందాన్ని అడగండి. 2013లో మొదలైన ఆ పథకం కింద జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు, అక్కడికి ఉచితంగానే పంపుతారు. చెవుడు బాగా ఎక్కువగా ఉన్న పిల్లలకు చేసే కాక్లియర్ ఇంప్లాంట్ (లోపలి చెవిలో పరికరం అమర్చే ఆపరేషన్) ఆరోగ్యశ్రీలో ఉంది.

ఈలోగా మీరు చేయగలిగింది చాలా ఉంది. ఫోన్ చూపిస్తూ అన్నం పెట్టడం ఆపండి. మొదటి రెండు మూడు రోజులు ఏడుస్తాడు. కింద కూర్చుని వాడి కళ్ళకెదురుగా మొహం పెట్టి, చేసే పనే చెప్పండి: ‘నీళ్ళు... నీళ్ళు పోద్దామా... పోశాం.’ చెప్పాక కాసేపు ఊరుకోండి, వాడికి వంతు ఇవ్వాలి. మనం పెద్దవాళ్ళం నోరు తెరవకముందే అన్నీ చేతికందిస్తాం. బిస్కెట్ డబ్బా మూత బిగించి ఇవ్వండి, తీయమని అడగడానికైనా మీ వైపు చూస్తాడు. దోబూచులాటని మించిన థెరపీ లేదని మా థెరపిస్టే చెప్పింది.

వస అరగదీసి నాలుకకి రాయమంటున్నారని, నాలుక కింద తీగ కోయించమంటున్నారని అడిగారు. వస మానేయండి, ఎక్కువైతే పిల్లలకి వాంతులవుతాయి. తీగ వల్ల పలుకు తేడా రావచ్చేమో గానీ, అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదని మాకు చెప్పారు. పరీక్షకి వెళ్ళినరోజే నోరు కూడా చూడమనండి, సరిపోతుంది.