డిజైన్ ఫ్రీజ్ అయ్యాక కూడా రిక్వైర్‌మెంట్ తిరిగొస్తుంటే

కారు డిజైన్ ఫ్రీజ్ (ఇక మార్పుల్లేవని ఖాయం చేయడం) అయ్యాక కూడా మీ రిక్వైర్‌మెంట్‌ను ఇంజినీర్లు తిప్పి పంపుతున్నారని అడిగారు కదా. మీరు రాసిన "బూట్ (కారు వెనక సామాను పెట్టే చోటు) పెద్దగా ఉండాలి" అనేది కస్టమర్ కోరిక, కొలిచి సరిచూడగల రిక్వైర్‌మెంట్ కాదు. ఇంజినీర్లు దాన్ని పదేపదే వెనక్కి పంపడానికి కారణం దాదాపుగా ఇదే.

1. అంకె పెట్టండి. ఎన్ని లీటర్లు? వెనక సీట్లు నిలబెట్టి ఉన్నప్పుడా, మడిచినప్పుడా?

2. చాలామంది వదిలేసేది కొలిచే పద్ధతి. బూట్ కొలతకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 3832 ప్రకారమైతే 200×100×50 మి.మీ. దిమ్మెలు పేర్చి లెక్కిస్తారు. ఒక్కో దిమ్మె సరిగ్గా ఒక లీటరు. అదే కంప్యూటర్ మోడల్‌లో మొత్తం ఖాళీని కొలిస్తే, దిమ్మె పట్టని మూలలు కూడా కలిసి అంకె పెరుగుతుంది. పద్ధతి రాయకపోతే మార్కెటింగ్ ఒక అంకె, ప్యాకేజింగ్ టీమ్ (కారులో ఏ భాగానికి ఎంత చోటో చూసేవాళ్లు) ఇంకో అంకె పట్టుకు కూర్చుంటాయి. రెండూ నిజమే, అదే తంటా!

3. వేరియంట్‌కో వరుస రాయండి. స్టెప్నీ ఉన్నదానికీ, పంక్చర్ కిట్ ఇచ్చేదానికీ, బూట్ నేల కింద హైబ్రిడ్ బ్యాటరీ ఉన్నదానికీ ఒకే అంకె కుదరదు.

4. టూలింగ్ (భాగాలు తయారుచేసే అచ్చులు, పరికరాలు) ఆర్డర్ వెళ్లేలోపు ప్యాకేజింగ్, సేఫ్టీ, ఖర్చు లెక్కలు చూసేవాళ్ల సంతకాలు తీసుకోండి. ఆ తర్వాత మార్పంటే డైలు (అచ్చులు) మళ్లీ చెక్కాల్సి రావచ్చు. అప్పుడు చేంజ్ రిక్వెస్ట్‌లో (మార్పు కోరుతూ పెట్టే పత్రంలో) ఖర్చు, ఆలస్యం రెండూ చూపించాలి.