బూజు తుడవకండి, ముందు నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి

‘అద్దె ఇంట్లో గోడకి నల్లగా బూజు పడుతోంది. కిటికీలు తీయకపోవడం వల్లేనని ఓనరు అంటున్నారు, ఏం చేయాలి?’ అని అడిగారు. ఆ మాట వెంటనే నమ్మకండి. మా ఓనరు గారూ ఇదే చెప్పారు. నమ్మి రెండు వర్షాకాలాలు పోగొట్టుకున్నాను.

విశాఖలో కింద పోర్షన్‌లో ఉండేవాళ్లం. గోడకి బూజు పట్టిందని ఫోన్ చేస్తే ఆయన సాలెగూళ్లు అనుకుని, ‘బూజుకర్ర లేదా అమ్మా?’ అన్నారు. తర్వాత వచ్చి చూసి, పుట్టీ పెట్టించి రంగు వేయించారు. రెండు నెలలు తిరక్కుండానే రంగు బుడగలు కట్టి పెచ్చులూడింది. ఆ ఏడాది వరలక్ష్మీ వ్రతం రోజు పొద్దున్నే బీరువా తీస్తే ముక్కిపోయిన వాసన. నా పెళ్లి పట్టుచీర మడత విప్పితే, అంచు పొడవునా తెల్లటి చుక్కలు. పూజ పక్కన పెట్టి ఏడ్చాను.

ఆ రోజే బీరువా జరిపి, చెమ్మగా ఉన్నచోట ఒక పాలిథిన్ కవరు పరిచి నాలుగు వైపులా టేపు వేశాను. రెండు రోజుల తర్వాత చూస్తే కవరు లోపల, గోడ వైపు నీటి బొట్లు. పైన, అంటే గది వైపు తడి ఉంటే అది గదిలో తేమ, కిటికీలు తీయాల్సిందే. గోడ వైపు ఉందంటే నీళ్లు గోడలోంచి వస్తున్నట్టు. పైవాళ్లని బతిమాలి, ఆ గోడకి పైనున్న బాత్రూమ్ రెండు రోజులు వాడొద్దన్నాను. చెమ్మ తగ్గింది. ప్లంబర్ వచ్చి చూస్తే నహానీ ట్రాప్ (బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే జాలీ కింది గొట్టం) చుట్టూ సిమెంటు వదిలేసి ఉంది. అది బాగుచేసి, గోడ పూర్తిగా ఆరాక కొత్తగా ప్లాస్టరింగ్ చేశారు. మళ్లీ బూజు రాలేదు. మా బాబు దగ్గు కూడా తగ్గింది. అది బూజు వల్లేనని నాకే అనుమానమూ లేదు.

అద్దె ఇళ్లలో బూజు అంటే చాలాసార్లు పైపుల గొడవ కూడా ఉంటుంది. టులెట్ బోర్డు పెట్టేముందు రంగులు కొట్టిస్తారు గానీ పైపు చూపించరు. మేకు కొడితే మాత్రం గొడవ! కేంద్రం 2021లో ఇచ్చిన నమూనా అద్దె చట్టంలో గోడలకి సున్నం వేయించడం, అవసరమైతే పైపులు మార్పించడం ఓనరు పనే అని ఉంది. అది నమూనా మాత్రమే కాబట్టి ఆ ముక్క మీ అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

బ్లీచింగ్‌తో కడిగేటప్పుడు బాత్రూమ్ యాసిడ్ మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇంట్లో దిగిన రోజే ప్రతి గోడా ఫొటో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి. మేం ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చని అడ్వాన్సులో ఎనిమిది వేలు పట్టుకున్నారు. తేదీలతో సహా ఆ ఫొటోలు చూపించాకే తిరిగిచ్చారు.