జాజ్ ఎక్కడ పుట్టింది? వింటే ఇది జాజ్ అని ఎలా గుర్తుపట్టాలి?

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో, సుమారు 1900 ప్రాంతంలో. ఫలానా మనిషి కనిపెట్టాడని చెప్పలేం. ఆ ఊళ్లో కాంగో స్క్వేర్ అనే మైదానం ఉంది, బానిసత్వం రోజుల్లో ఆఫ్రికన్లు ఆదివారాలు అక్కడ చేరి డ్రమ్ములు వాయిస్తూ ఆడిపాడేవాళ్లు. ఆ లయకి తర్వాత బ్లూస్ (నల్లజాతివాళ్లు కష్టసుఖాలు చెప్పుకునే పాటలు), చర్చి పాటలు, రాగ్‌టైమ్ (లయ తప్పినట్టు తుళ్లుతూ సాగే) పియానో, శవయాత్రల్లో వాయించే బ్రాస్ బ్యాండ్లు అన్నీ వచ్చి కలిశాయి. మొదట్లో గట్టిగా వినిపించే పేరు బడీ బోల్డెన్, కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న బాకా) వాయించేవాడు, కానీ ఆయన రికార్డు ఒక్కటీ దొరకలేదు. 1917లో మొదటి జాజ్ రికార్డు తెచ్చిందేమో తెల్లవాళ్ల బ్యాండ్! నాకైతే ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక వినడం సంగతి. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి, చిటిక మాత్రం రెండు, నాలుగు దగ్గర వెయ్యండి. ఒక్కో దెబ్బని రెండు సమాన ముక్కలు చెయ్యకుండా మొదటిది సాగదీసి రెండోది కురచగా వాయిస్తారు, ఆ ఊగుడే స్వింగ్. గాంధారం లాంటి స్వరాలని కాస్త కిందికి వంచి పలికిస్తే అవి బ్లూ నోట్స్. అన్నిటికన్నా ముఖ్యం ఇంప్రొవైజేషన్: ముందు పాట వరస వాయించేసి, ఆ తర్వాత ఒక్కొక్కరూ అప్పటికప్పుడు అల్లుకుపోతారు. మన కల్పనస్వరాల్లాగే అనిపిస్తుంది గానీ, మనకి రాగం కదలకుండా ఉంటుంది, వీళ్లకి కింద కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు) మారిపోతూ ఉంటాయి, వాటిని పట్టుకుంటూ పరుగెత్తాలి.

1928లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వాయించిన 'వెస్ట్ ఎండ్ బ్లూస్'తో మొదలుపెట్టండి. మొదట కాసేపు ట్రంపెట్ ఒక్కటే వినిపిస్తుంది, తోడు ఎవరూ ఉండరు.