వేరు పురుగును వేపచెట్టు కిందే ఆపాలి

ప్రశ్న: వానకాలంలో మా 2 ఎకరాల చెల్కలో పల్లి వేశాను. 40 రోజుల పైరులో అక్కడక్కడ గుంపులుగా మొక్కలు వాడి ఎండిపోతున్నాయి. ఎండు తెగులని ఒక దుకాణంలో ఇచ్చిన మందు పోసినా ఆగలేదు. మొదళ్లలో తవ్వితే విల్లులా వంగిన తెల్లని లావు పురుగులు దొరికాయి. అటువంటివే మా పెంటకుప్పలోనూ ఉన్నాయి. ఎరువుతోపాటు పురుగునూ నేనే చేనికి తోలుకున్నానా?
– ఒక రైతు, నర్సంపేట ప్రాంతం

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు వేరు పురుగువే. ఒక మొక్కను పీకి చూడండి. తెగులు సోకినదైతే తల్లివేరు కుళ్లి నల్లబడినా ఎంతో కొంత మిగిలి ఉంటుంది. చెదలు పట్టినదైతే వేరు లోపల డొల్లై మట్టి నిండి ఉంటుంది. వేరు పురుగు తిన్న మొక్కకు తల్లివేరే ఉండదు, కొరికిన మొండి మాత్రమే కనిపిస్తుంది, అందుకే పట్టి లాగగానే ఊడి వస్తుంది. తెగులు మందుకు పురుగు చావదు గనుక మీరు పెట్టిన ఖర్చు వృథా అయింది. అందుకు నిజంగా బాధగా ఉంది.

పెంటకుప్పలోని పురుగులన్నీ చేనుకు శత్రువులు కావు. బొటనవేలంత లావున్నవి సాధారణంగా కొమ్ము పురుగు పిల్లలు. అవి పెంటను తిని పెరిగి, రెక్కలు వచ్చాక కొబ్బరి, ఈత చెట్ల మొవ్వును తొలుస్తాయి. మిగిలిన వాటిలో ఒకదానిని చదునైన పలక మీద వదలండి. కాళ్లు పైకెత్తి వీపు మీద పాకితే అది పూల మీద వాలే పెంకు పురుగు పిల్ల, కుళ్లిన పదార్థమే దాని తిండి. వేరు పురుగు అలా పాకలేదు, పక్కకు ఒరిగి ముడుచుకుంటుంది. అయితే చివకని పెంట తల్లి పురుగులను గుడ్లు పెట్టడానికి రప్పిస్తుంది, అప్పుడే పొదిగిన పిల్లలకు మొదటి తిండీ అవుతుంది. కనుక ఎరువును పూర్తిగా మాగిన తరువాతే తోలండి.

ఇక అసలు సంగతి. ఈ పురుగుకు ఏడాదికి ఒక్కటే తరం. నేలలో నిద్రాణంగా ఉన్న దీని తల్లి పురుగులు, అంటే గోధుమరంగు పెంకు పురుగులు, తొలకరి వాన పడిన సాయంత్రం, చీకటి పడగానే బయటికి వచ్చి వేప, రేగు, తుమ్మ చెట్ల మీద వాలి ఆకు తింటాయి, అక్కడే జతకట్టి, తెల్లవారేలోపు మళ్లీ మట్టిలోకి దిగి సగ్గుబియ్యపు గింజల్లాంటి గుడ్లు పెడతాయి. ఒకటి రెండు వారాల్లో గుడ్లు పొదుగుతాయి. పెరిగిన పిల్ల పురుగు ఒక మొక్కను ముగించి సాలు వెంట పక్క మొక్కకు పోతుంది. నీరు నిలవని తేలిక చెల్క నేలలు దానికి బాగా అనుకూలం.

ఇప్పుడు మీరు ఎండిన మొక్క కింద కాక, దాని పక్కనే పచ్చగా ఉన్న మొక్క మొదట్లో తవ్వండి. పురుగు అక్కడికి జరిగి ఉంటుంది. లావెక్కిన పురుగుకు ఏ మందూ సరిగా పనిచేయదు కనుక ఏరి చంపడమే మేలు.

వచ్చే ఏడాది రోహిణి, మృగశిర కార్తెల నాటి తొలి వానలకు గట్ల మీది వేపచెట్ల కొమ్మలను రాత్రి 8 గంటల ప్రాంతంలో కర్రతో కదిపి, రాలిన పురుగులను కిరోసిన్ కలిపిన నీటిలో వేయండి. వానలు మొదలైన తొలి పది రోజులు దీనిని వదలకూడదు. ఒక్కరు చేస్తే పక్క చేని పురుగు మీ చేనికి వస్తుంది, కాబట్టి చుట్టుపక్కల రైతులందరినీ కలుపుకోండి. వేసవిలో లోతు దుక్కి దున్నితే బయటపడిన పురుగులను కాకులు, కొంగలు, గోరింకలు ఏరుకు తింటాయి. విత్తేముందు కిలో గింజలకు 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. అనే విత్తనశుద్ధి పురుగుమందు పట్టించండి.

ప్రశ్న: పసుపులో వేరు పురుగుకు పూర్వం ఫోరేట్ గుళికలు వేసేవాళ్లం. ఇప్పుడు వేయవచ్చా?
– ఒక రైతు, జగిత్యాల జిల్లా

జవాబు: వేయకూడదు. 2020 డిసెంబరు 31 తరువాత దేశంలో ఫోరేట్ అమ్మకం, వాడకం నిషిద్ధం. అది మనిషికి, పశువుకు ప్రాణాంతకమైన విషం. దానికి బదులు పురుగును చంపే మెటారైజియం అనే శిలీంద్రపు (బూజు) పొడిని మాగిన పశువుల ఎరువులో కలిపి, నేలలో తేమ ఉన్నప్పుడు సాళ్లలో వేసి మట్టి కప్పండి. 1879లో మెచ్నికోవ్ అనే శాస్త్రవేత్త గోధుమ పైరును తినే పెంకు పురుగు మీద దీనిని గుర్తించాడు. ఎండ తగిలితే దీని బీజాలు చస్తాయి, తెగులు మందుతో కలిపినా చస్తాయి, కనుక సాయంత్రం పూట విడిగానే వేయండి.